చూరు కింద తూము

పోయిన నెల ధాన్యం నిలువ చేసుకొనే సంగతి వ్రాశాము. ఈ నెల ఇంటి పైకప్పు దగ్గరకు వెళదాం. పెంకుటిళ్లకు, రేకుల ఇళ్లకు చూరు కింద వాన నీళ్లను పట్టి ఒక మూలకు తీసుకుపోయే రేకు తూము ఉంటుంది గదా! బిగించిన రోజున తప్ప తరువాత దానివంక తలెత్తి చూసేవారు తక్కువ. మేమూ ఆ కోవలోని వారమే, 1998 వరకు.

ఆ ఏడు ఆగస్టులో ఒక రాత్రి కుండపోతగా వాన కురిసింది. మా తూము నిండా చింతాకు. పెరట్లో చింతచెట్టు నీడకు సంతోషించామే గాని, దాని ఆకు ఎక్కడ రాలుతున్నదో చూసుకోలేదు. నీళ్లు గొట్టంలోకి దిగలేక అంచు మీదుగా పొర్లి, పక్కింటి పెద్దమ్మగారి వంటపాక మట్టిగోడ మొదట్లో పడ్డాయి. తెల్లవారుజామున గోడ కూలింది. మనుష్యులకు ఏమీ కాలేదు. పొయ్యి, కుండలు పోయాయి. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండునని ఎన్నోసార్లు అనిపించింది. అంతకుముందు రెండేళ్లూ "నాయనా, మీ చూరు నీళ్లు ఇటే పడుతున్నాయి" అని చెప్పిన మనిషి మరి! గోడ మళ్లీ పెట్టించాము.

ఇంతకూ కప్పు మీద పడే నీరు ఎంతో ఎప్పుడైనా లెక్క చూశారా? చదరపు మీటరు చోటులో 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు చోటును కప్పే ఇంటి మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,700 లీటర్లు దాటుతుంది. 200 లీటర్ల డ్రమ్ములైతే దాదాపు 14. అంత నీరు ఒక్కచోటనే దుముకుతుంటే పునాది పక్క మన్ను కోసుకుపోక ఏమవుతుంది?

తూమును ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయాలి. మృగశిరకు ముందు, రోహిణి కార్తెలో ఒకసారి. సెప్టెంబరు ఆఖరున మరొకసారి. కోస్తా జిల్లాల వారు ఈ రెండవది మానరాదు. 1977లో దివిసీమను ముంచిన తుపాను, 1996లో కోనసీమను కొట్టిన తుపాను, రెండూ నవంబరులో వచ్చినవే.

నిచ్చెనను గట్టి నేల మీద వేయండి, కింద ఒకరు పట్టుకొని నిలబడాలి. ఒంటరిగా ఎక్కవద్దు. కరెంటు తీగ చూరు పక్కగానే వస్తుంది గనుక ఇనుప నిచ్చెన వద్దు, ఎండిన వెదురు నిచ్చెన మేలు. సిమెంటు రేకుల మీద కాలు మోపనే వద్దు. పైకి గట్టిగా కనబడినా పాతబడిన రేకు మనిషి బరువుకు పుటుక్కున విరుగుతుంది. ఆ రేకులను పొడిగా గీకడం కూడా మంచిది కాదు. పాత రేకులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ముందు కర్రతో తూమును తట్టండి. ఆకుల కింద తేళ్లు చేరతాయి. తరువాత నీళ్లు చల్లి, తడిసిన చెత్తను కొబ్బరి చిప్పతో తోడి బుట్టలో వేసుకోండి. గొట్టంలోకి మాత్రం నెట్టవద్దు, మేము ఒకసారి అలా నెట్టి సగం రోజు వెదురు పుల్లతో పొడుస్తూ కూర్చున్నాము. ఆ చెత్త బాగా చివికిన ఎరువు, మొక్కల మొదట్లో వేయండి. కాకులు పడవేసిన గింజలకు రావి మొక్క మొలిచి ఉంటే వేరుతో సహా లాగాలి.

ఇప్పుడు గొట్టం లేని చివర ఒక బిందె నీళ్లు పోయండి. అన్నీ గొట్టం వైపుకు పారితే సరే. ఎక్కడైనా నిలిస్తే అక్కడ కొక్కెం వంగిందన్నమాట, దానిని పైకెత్తి బిగించాలి. పది అడుగులకు అర అంగుళం వాలు చాలు. నిలిచిన నీటిలో వారం, పది రోజులలో దోమ పిల్ల ఎగిరిపోతుంది, డెంగీ దోమకు ఇలాంటి నీరే ఇష్టం. తుప్పు పట్టినచోట గరుకు కాగితంతో రుద్ది రెడ్ ఆక్సైడ్ పూయండి. చిన్న చిల్లికి ఎం-సీల్ సరిపోతుంది, పెద్దదైతే మాటు వేయించాలి. గొట్టం నోటికి ఒక ముక్క ఇనుప జల్లెడ కట్టండి. కిందికి దిగిన నీరు ఎటు పోతుందో కూడా చూసుకోండి. మేము గొట్టాన్ని మా కొబ్బరి చెట్ల వైపుకు తిప్పించాము.

పెద్దమ్మగారికి ఇప్పుడు చూపు సరిగా ఆనదు. అయినా రోహిణి ఎండలు మొదలుకాగానే గోడ అవతలి నుండి కేక వేస్తుంది: "ఏం నాయనా, తూము కడిగావా?"