ఒంటి దూలముపై నగర ప్రయాణము – ముంబయి మోనోరైలు చెప్పెడి పాఠము

గత సంచికలో ఈ శీర్షిక క్రింద పంపుల సామర్థ్యమును గురించి ముచ్చటించుకొన్నాము. దానిని చదివిన పాఠకులలో ముంబయిలో పని చేయుచున్న మన సహోద్యోగులు కొందరు ఒక ప్రశ్న పంపినారు. “మా క్వార్టర్ల ప్రక్కనే ఆకాశములో స్తంభములు, వాటిపై దూలములు ఉన్నవి. లక్షల మంది ఎక్కుదురన్నారు, వేల మంది మాత్రమే ఎక్కినారు. లోపము ఎక్కడ ఉన్నది? దీనిని ఇంకను పొడిగించుట మంచిదేనా?” అని వారి ప్రశ్న. ఇది కేవలము రవాణా శాఖకు సంబంధించిన ప్రశ్న కాదు. ప్రాజెక్టు నివేదికలు వ్రాసెడి ప్రతి ఇంజనీరును అడుగవలసిన ప్రశ్న. అందువలన ఈ మాసము దీనినే చేపట్టుచున్నాము.

ముందుగా మోనోరైలు అనగా ఏమో చూతము. సాధారణ రైలు రెండు ఉక్కు పట్టాలపై ఉక్కు చక్రములతో నడచును. నగరములలో మనము చూచెడి మోనోరైలు ఒకే ఒక కాంక్రీటు దూలమును, గుఱ్ఱముపై రౌతు వలె, ఇరుప్రక్కల కాళ్ళు చాచి కూర్చుండి నడచును. బరువు మోయుటకు దూలము పైభాగమున రబ్బరు టైర్లు, ప్రక్కకు ఒరుగకుండ పట్టి ఉంచుటకు దూలము ప్రక్కలకు ఆనుకొని మరికొన్ని టైర్లు ఉండును. విద్యుత్తు దూలము ప్రక్కన అమర్చిన వాహకము నుండి అందును. స్తంభములు సన్ననివి, మలుపులు ఇరుకైనవి అయినను ఫరవాలేదు, శబ్దము తక్కువ, ఎత్తులు సులభముగా ఎక్కును. ఇవి దీని సుగుణములు. ఇక ఇబ్బందులు చూడుడు. పాయింట్ల వద్ద దారి మార్చవలెనన్న బరువైన దూలమునే కదల్పవలెను. బండి నడుమ ఆగిపోయినచో ప్రయాణికులు దిగి నడచిపోవుటకు దూలముపై చోటు ఉండదు.

మన దేశమునకు ఒంటి పట్టా బండి క్రొత్త కాదు. 1907లోనే పటియాలా సంస్థానములో ఒక మోనోరైలు నడచినది. నేలపై పరచిన ఒకే పట్టాపై చిన్న చక్రములు, ఒరుగకుండ రోడ్డుపై దొర్లెడి పెద్ద చక్రము ఒకటి! కంచర గాడిదలు కూడ దానిని లాగినవి. 1927 నాటికి అది మూతపడినది. దాని ఆవిరి ఇంజను ఒకటి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో నేటికిని భద్రముగా ఉన్నది. ఢిల్లీ వెళ్ళెడి మన ఉద్యోగులు పిల్లలకు తప్పక చూపవలసిన వస్తువు అది.

ఇక ముంబయి సంగతి. ముంబయి మహానగర ప్రాంతీయ అభివృద్ధి సంస్థ చేపట్టిన ఈ మార్గములో చెంబూరు నుండి వడాల డిపో వరకు గల మొదటి భాగము 2014 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. అక్కడ నుండి సంత్ గాడ్గే మహారాజ్ చౌక్, అనగా జేకబ్ సర్కిల్ వరకు గల రెండవ భాగము 2019 మార్చిలో గాని తెరువబడలేదు. మొత్తము పొడవు సుమారు 20 కిలోమీటర్లు, స్టేషన్లు 17, వ్యయము 2,500 కోట్ల రూపాయలకు పైగా. స్టేషన్ల పేర్లు వినినచో ప్రభుత్వ రంగమునకు చెందిన మనకు ఆత్మీయత కలుగక మానదు. ఫెర్టిలైజర్ టౌన్‌షిప్, భారత్ పెట్రోలియం, మింట్ కాలనీ! రెండవ చివర నున్న నాయ్‌గావ్, లోయర్ పరేల్ ప్రాంతములు ఒకప్పటి బట్టల మిల్లుల పేట. తెలంగాణ నుండి తరలి వెళ్ళిన మన పద్మశాలీ కుటుంబములు ఎన్నో ఆ మిల్లులను నమ్ముకొని అక్కడ స్థిరపడినవి. కనుక ఈ మార్గము మన వారి ముంగిళ్ళ మీదుగా పోవుచున్నదే.

దినమునకు లక్షకు మించి ప్రయాణింతురని తొలి అంచనా. వాస్తవములో ఆ సంఖ్య 20 వేల లోపుననే ఉండిపోయినది. “జనమునకు ఇష్టము లేదు” అని దీనికి కొందరు సులభముగా తీర్పు చెప్పుదురు. మేము అంగీకరింపము. మా కారణము చెప్పుటకు ముందు ఒక చిన్న అనుభవమును మనవి చేసెదము.

చాలా సంవత్సరముల క్రిందట మేము నివసించిన ఒక కాలనీ నుండి కర్మాగారమునకు గంటకు ఒక బస్సు నడచెడిది. ఎక్కెడి వారు పది మందికి మించరు. “ఖాళీ బస్సునకు డీజిలు దండుగ” అని దానిని ఎత్తివేయ నిశ్చయించినారు. ఒక పెద్ద ఫోర్‌మన్ గారు మాత్రము, “అయ్యా, బస్సు ఖాళీగా వచ్చుటకు కారణము మేము కాదు, మీ గంట! షిఫ్టు వేళలలో పదిహేను నిమిషములకు ఒకటి నడిపి చూడుడు” అన్నారు. నెల దినములు అట్లు నడిపి చూచినారు. ఆ పిమ్మట బస్సులో నిలుచుటకు చోటు దొరకలేదు. ఎత్తివేత మాట మరల ఎవరును ఎత్తలేదు. చేతిలో స్లైడ్ రూలు ఉన్న మాకు తోచని సంగతి, బస్సు కొఱకు ఎండలో నిలిచిన ఆయనకు తోచినది.

ఇప్పుడు అదే సూత్రమును ముంబయికి అన్వయింతము. నాలుగు పెట్టెల మోనోరైలు బండిలో సుమారు 560 మంది పట్టుదురు. రాకపోకలకు, చివరల నిలుపుదలకు కలిపి 100 నిమిషములు పట్టునని లెక్కకై అనుకొందము. 20 నిమిషములకు ఒక బండి నడువవలెనన్న 5 రేక్‌లు చాలును, 5 నిమిషములకు ఒకటి నడువవలెనన్న 20 రేక్‌లు కావలెను. మొదటి పద్ధతిలో గంటకు ఒక దిశలో 3 బండ్లు, అనగా 1,680 మంది. దినమునకు 16 గంటల చొప్పున రెండు దిశలను కలిపినను 53,760 చోట్లు మాత్రమే. అర్ధరాత్రికి ముందటి చివరి బండి కూడ క్రిక్కిరిసి నడచినప్పటి లెక్క ఇది! మధ్యలో దిగి ఎక్కెడి వారిని కలుపుకొన్నను లక్షను చేరుట మిక్కిలి కష్టము. రేక్‌ల కొరత వలన ముంబయిలో చాలా కాలము బండికి బండికి నడుమ 15, 20 నిమిషములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టినది. తొలి దినములలో సేవలు మధ్యాహ్నము 3 గంటల వరకే నడచినవి. ఉదయము ఎక్కిన ఉద్యోగి సాయంకాలము ఇంటికి ఎట్లు రావలెను? లక్ష మందిని ఆశించి, లక్ష మందికి చోటు చూపని ఏర్పాటు అది.

దీనికి మరి రెండు కారణములు తోడైనవి. మొదటి భాగము ఒక్కటే అయిదు సంవత్సరములు నడచినది. అది నగరపు ముఖ్య కార్యస్థానముల వరకు పోక వడాలలోనే ఆగినది. అంతలో 2017 నవంబరులో మైసూరు కాలనీ స్టేషను వద్ద ఖాళీ బండి రెండు పెట్టెలు అగ్నికి ఆహుతి అయినవి. సేవలు 2018 సెప్టెంబరు వరకు నిలిచిపోయినవి. నడిపెడి బాధ్యత తీసుకొన్న గుత్తేదారుల ఒప్పందము 2018 చివర రద్దు కాగా, ప్రభుత్వ సంస్థయే నిర్వహణను స్వయముగా చేపట్టినది. పది నెలలు మూసిన దుకాణమునకు పాత ఖాతాదారులు అందరును తిరిగి రారు గదా!

ఇక అసలు పరీక్ష 2025 ఆగస్టు 19న వచ్చినది. ఆనాటి కుంభవృష్టికి హార్బరు మార్గపు లోకల్ బండ్లు నిలిచిపోయినవి. జనము మోనోరైలుపై విరుచుకుపడినారు. ఇన్నాళ్ళు ఎవరి కొఱకు ఎదురు చూచినదో వారందరు ఒక్క సాయంకాలము వచ్చినారు. మైసూరు కాలనీ సమీపమున బండి ఆగిపోయినది. రూపకల్పన ప్రకారము 104 టన్నులు మోయవలసిన బండి 109 టన్నులు మోయుచుండెననియు, ఆ భారమునకు విద్యుత్ వాహకముతో స్పర్శ తప్పినదనియు సంస్థ ప్రకటించినది. దీపములు, చల్లదనము లేని పెట్టెలలో జనము గంటల తరబడి ఊపిరి సలుపక చిక్కుకొన్నారు. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనల సహాయమున 582 మందిని క్రిందికి దింపినారు. ప్రాణనష్టము జరుగకుండుట మన అదృష్టము, ఆ సిబ్బంది దీక్ష.

ఇంజనీర్లమైన మనము ఆ 5 టన్నులను గుర్తుంచుకొనవలెను. ముంబయి లోకల్ బండి ప్రతిదినము తన పరిమితిని ఎంతో మించి మోయుచునే ఉన్నది. నేలపై రెండు పట్టాల మీద నడచెడి బండికి ఆ ఓర్పు ఉన్నది. దూలముపై నడచెడి బండికి ఆ ఓర్పు లేదని ఆ సాయంకాలము తెలిసినది. రద్దీని అదుపు చేయవలసినది ప్లాట్‌ఫారము మీద, తలుపు మూయుటకు ముందు. అంతే గాని గాలిలో నిలిచిన తరువాత కాదు.

సెప్టెంబరు 15న మరల ఒక బండి వర్షములో ఆగినది. సెప్టెంబరు 20 నుండి ఆధునికీకరణకై సేవలు నిలిపివేయబడినవి. దీనిలో మనకు సంతోషకరమైన అంశము ఒకటి గలదు. క్రొత్తగా 10 రేక్‌లను సమకూర్చెడి బాధ్యత హైదరాబాదుకు చెందిన మేధా సంస్థకు, దాని మలేషియా భాగస్వామికి లభించినది. బండికి బండికి నడుమ దూరమును కంప్యూటరు సహాయమున నిరంతరము గమనించుచు, వ్యవధిని 5 నిమిషముల వరకు తగ్గింపగల సిగ్నలు పద్ధతి కూడ హైదరాబాదులో రూపొందినదే. అయితే 2025 నవంబరు 5న వడాల వద్ద పరీక్షా సమయమున ప్రయాణికులు లేని ఒక క్రొత్త రేక్ ప్రమాదమునకు గురి అయినది. క్రొత్త యంత్రమును పరీక్షించుటలో తొందర కూడదని దీని వలన తెలియుచున్నది.

మరి పొడిగింపు మాట? ఇతర నగరముల అనుభవము చూతము. టోక్యోలో 1964 నుండి హమమత్సుచో, హనేదా విమానాశ్రయముల నడుమ మోనోరైలు నడచుచున్నది. కొండల నగరమైన చైనాలోని చోంగ్‌చింగ్‌లో మోనోరైలు మార్గములు దినమునకు లక్షల మందిని మోయుచున్నవి. అక్కడ పెట్టెలు ఎక్కువ, బండ్లు వెంటవెంటనే వచ్చును, ఇతర మార్గములతో సంధి కుదిరినది. 1988లో ప్రారంభమైన సిడ్నీ మోనోరైలు నగర నడిబొడ్డున చిన్న వలయమునే చుట్టి, 2013లో మూతపడినది. కేరళ ప్రభుత్వము తిరువనంతపురము, కోళిక్కోడులకు తలపెట్టిన మోనోరైలును 2014లో విరమించుకొన్నది. కనుక మోనోరైలు మంచిదా చెడ్డదా అను చర్చ వలన ప్రయోజనము లేదు. ఎక్కడ, దేనితో కలుపుచు, ఎన్ని బండ్లతో అనునదే ప్రశ్న.

ముంబయి విషయములో మా అభిప్రాయము ఇది. క్రొత్త దూలములు వేయుటకు ముందు ఉన్న 20 కిలోమీటర్లకు ప్రాణము పోయవలెను. జేకబ్ సర్కిల్ చేరువన మహాలక్ష్మి వద్ద 2025 అక్టోబరు నుండి భూగర్భ మెట్రో 3వ మార్గము నడచుచున్నది. చెంబూరు వద్ద 2బి మార్గము, వడాల వైపు 4వ మార్గము చేపట్టబడినవి. ఈ మూడు చోట్లను ఎండ, వాన తగులని నడక వంతెనలతో కలిపినచో, అయిదారు నిమిషములకు ఒక బండి నడిపినచో, జనము వచ్చుటకు అవకాశము ఉన్నది. ఒక సంవత్సరము అట్లు నడిపి, ఎక్కిన వారిని నిజాయితీగా లెక్కించిన పిమ్మట పొడిగింపును గురించి ఆలోచింపవచ్చును. లక్షల ప్రయాణికులకై అయినచో ఆ పొడిగింపు మెట్రో రూపముననే ఉండుట మేలు.

చివరగా మన యువ ఇంజనీర్లకు ఒక మాట. మేము కూడ మా ఉద్యోగ జీవితములో ఎన్నో అంచనాలు వ్రాసినాము. పథకమునకు ఆమోదము రావలెనను ఆతురతలో చివరి నిలువు వరుసలోని అంకెను కొంచెము పైకి నెట్టుట ఎంత సులభమో మాకు తెలియును. మాలో ఆ పని ఎన్నడును చేయలేదని గుండెపై చేయి వేసి చెప్పగల వారు తక్కువ. ఆ అంకెను నమ్మి ప్రజలు తమ ధనము ఇత్తురు, ఆ బండిని నమ్మి తమ బిడ్డలను ఎక్కింతురు. అంచనా అనునది కాగితముపై గీచిన అంకె కాదు, ఇచ్చిన మాట. ఫోర్‌మన్ గారి వలె ముందు ఎండలో నిలిచి చూచి, తరువాత అంకె వేయుదము.