రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకు తీస్తే చాలునా?



గుడివాడ ప్రాంతం నుండి ఒక సహోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. ఆయన భార్యకు రొమ్ములో గడ్డ. విజయవాడలో సూది పరీక్ష చేసి క్యాన్సరేనన్నారు. "గడ్డ వరకే తీయవచ్చు, లేదా రొమ్ము మొత్తం తీయవచ్చు, ఆలోచించుకోండి" అని డాక్టరు గారు చెప్పారట. సంఘ పెద్దలేమో "మొత్తం తీయించెయ్యండి, వేరుతో సహా పోతుంది" అంటున్నారు. ఆమె మాత్రం ఏమీ అనడం లేదట.

'వేరుతో సహా' అనే ఆలోచన పెద్దలది మాత్రమే కాదు. 19వ శతాబ్దం చివర అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తీసే ఆపరేషన్ మొదలుపెట్టారు. దాదాపు ఎనభై ఏళ్లు లోకమంతా ఆ దారినే నడిచింది. తరువాత ఇటలీలో వెరోనెసి, అమెరికాలో ఫిషర్ అనే వైద్యులు దీనిని పరీక్షించారు. కొందరికి రొమ్ము మొత్తం తీసి, కొందరికి గడ్డ ఉన్న భాగమే తీసి, 20 ఏళ్లు గమనించారు. 2002లో ఫలితాలు వెలువడ్డాయి. ఎవరు ఎంతకాలం బ్రతికారన్న విషయంలో రెండు గుంపులకూ తేడా లేదు.

అయితే ఒక మెలిక ఉంది. అమెరికా పరీక్షలో గడ్డ మాత్రమే తీయించుకొని రేడియేషన్ తీసుకోనివారిలో నూటికి 39 మందికి అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చింది. తీసుకొన్నవారిలో 14 మందికే వచ్చింది. కనుక చిన్న ఆపరేషన్‌కు రేడియేషన్ రెండవ సగమని తెలుసుకోవాలి.

మన డెల్టా కుటుంబాలకు అసలు ప్రశ్న ఇక్కడే. ఒకప్పుడు వేలూరో హైదరాబాదో వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు విజయవాడలోనే రేడియేషన్ ఉంది. వారానికి అయిదు రోజులు, సాధారణంగా మూడు వారాలు. ఒక్కొక్కసారి కొన్ని నిమిషాలే, నొప్పి ఉండదు. కాని నాగాయలంక నుండి రోజూ బస్సులో రావడం, అదీ ఊడ్పుల రోజుల్లో, మాటలా? పట్టణంలో బంధువుల ఇల్లు, తోడు వచ్చే మనిషి, ఇంటి దగ్గర వండిపెట్టే మనిషి కావాలి. "వేరుతో సహా" అన్న పెద్దలు ఈ ఏర్పాటు చూడగలరేమో! అది ఏ విధంగానూ కుదరకపోతే మొత్తం తీయించుకోవడమే మేలు కావచ్చు. అయితే గడ్డ పెద్దదైనా, చంక గ్రంథులకు జబ్బు ప్రాకినా మొత్తం తీసిన తరువాత కూడా రేడియేషన్ అవసరం పడుతుంది. డాక్టరు గారిని ముందుగా ఈ సంగతే అడగండి.

రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నవారికి, అంతకు ముందే ఛాతీకి రేడియేషన్ తీసుకొన్నవారికి మొత్తం తీయడమే సాధారణం. గడ్డ పెద్దదైతే ముందు మందులతో తగ్గించి, తరువాత చిన్న ఆపరేషన్ చేయగల సందర్భాలున్నాయి. మొత్తం తీసినా వీపు లేదా పొట్ట భాగపు కండతో రొమ్మును తిరిగి రూపొందించవచ్చు. అది వద్దనుకొనేవారు లోదుస్తులో మెత్తను అమర్చుకొంటారు.

చంక సంగతి మరువవద్దు. గ్రంథులన్నీ తీస్తే కొందరికి చేయి వాస్తుంది. బోదకాలు చూచిన మనకు ఆ బాధ తెలుసు. అందుచేత జబ్బు చంకకు చేరలేదని తోచినప్పుడు నీలిరంగు మందుతో మొదటి గ్రంథులను గుర్తించి, వాటినే తీసి పరీక్షిస్తారు. ఆ సౌకర్యం ఉందా అని అడగండి. ఆపరేషన్ తరువాత చేతి వ్యాయామం మానకూడదు. పొలంలో దిగితే ఆ చేతికి గాయం కానివ్వరాదు.

ఖర్చు విషయం: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి.

ఇక ఆమె మౌనం. లూకా సువార్తలోని రక్తస్రావముగల స్త్రీ పన్నెండేండ్లు బాధపడి, గుంపులో దాగి వచ్చింది. ప్రభువు ఆగి, ఆమె చేతనే మాట్లాడించారు. సహోదరా, ఈ పేజీని ముందు మీ భార్య చేతికివ్వండి. ఆలోచనకు వారం పది రోజులు పట్టినా ప్రమాదం లేదు, నెలలు మాత్రం గడపవద్దు. మళ్లీ విజయవాడ వెళ్లినప్పుడు డాక్టరు గారి ఎదుట కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, మీరు ప్రక్కన నిలబడండి.