పచ్చటి ఆకు కింద తాలు కాయ

2023 ఆగస్టు 23 సాయంత్రం 6.04 గంటలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. ఆఖరి పావుగంటలో బెంగళూరులోని ఇస్రో ట్రాకింగ్ కేంద్రం ఇస్ట్రాక్‌లో కూర్చున్న ఇంజినీర్లకు తెరలకేసి చూడడం తప్ప పనిలేదు. ఎంత ఎత్తులో ఉంది, ఎంత వేగం తగ్గించుకోవాలి, కింద గుంటలెక్కడున్నాయి, అన్నీ ల్యాండర్‌లోని సాఫ్ట్‌వేరే తేల్చుకుంది.

వాళ్ల అసలు పని అంతకు చాలా ముందే జరిగింది. 2019 సెప్టెంబరులో కూలిన చంద్రయాన్-2 ల్యాండర్ ఇంజిన్లు లెక్కకు మించిన తోపు ఇచ్చాయి, తప్పులు పోగుపడ్డాయి. వాటిని సర్దుకోవడానికి ల్యాండర్ గబగబా తిరగాల్సి వచ్చింది. అంత వేగానికి సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన పరిమితి ఒప్పుకోలేదు. దిగాల్సిన చోటు చూస్తే 500 మీటర్ల చదరం. చంద్రయాన్-3కి దాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. ఏమేం చెడిపోవచ్చో ముందే రాసుకుని, చెడినా దిగేలా కట్టారు.

ఈ పద్ధతి అనంతపురానికి ఇప్పుడు కావాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఎర్రనేలల్లో కరువును, పంట నష్టాన్ని లెక్కగట్టడంలో ఉపగ్రహాలకూ పాత్ర ఉంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో వరి, గోధుమల దిగుబడి అంచనాకు 2023 నుంచి ఉపగ్రహ సమాచారాన్నీ కలుపుతున్నారు.

ఇక్కడి చెనక్కాయ (వేరుశనగ)కు ఇదే లెక్క పెట్టాలంటే సంగతి వేరు. కాయ భూమిలో ఉంటుంది, కెమెరాకు కనబడేది ఆకే. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేసి, తర్వాత నాలుగు చినుకులు రాలితే చేను మళ్లీ పచ్చబడుతుంది. పీకి చూస్తే తాలు కాయలు. పైనుంచి చూసే లెక్కకు మాత్రం పంట బాగున్నట్టే! కళ్యాణదుర్గం రైతు ఎవరైనా చెప్పగల ఈ ముక్క ప్రోగ్రాములోకి ఎక్కకపోతే పరిహారం రాదు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ రాడార్ ఉపగ్రహం మబ్బుల్లోంచి కూడా చూడగలదు, 12 రోజులకోసారి అదే నేల మీదికి వస్తుంది, మట్టిలో తేమను పసిగడుతుంది. ఊడల దశలో తేమ ఎంతుందో దాంతో లెక్కలోకి తేవచ్చు. ఆ పని ఎవరు చేయాలి?

1948 నుంచి అనంతపురంలోనే ఉన్న ఇంజినీరింగ్ కళాశాల, ఇప్పటి జేఎన్‌టీయూ, ఇందుకు తగిన చోటు. పిల్లలకు కోడింగ్‌తో పాటు ఉపగ్రహ నిర్వహణ నేర్పి, రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లతో కలిపి చేలల్లోకి పంపాలి. ప్రభుత్వం కూడా బీమా లెక్కను ఖరీఫ్‌కు ముందే రైతుల ఎదుట పెట్టి, అది ఎక్కడెక్కడ తప్పుతుందో వాళ్ల చేతే చెప్పించాలి.