మూతపడ్డ మాల్ ఊరి చేతికి రావాలి

అమెరికాలో ఓహయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరాన్ని ఆనుకుని నార్త్ రాండాల్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు గుర్రపు పందేలు జరిగిన మైదానంలో 1976లో అక్కడ రాండాల్ పార్క్ మాల్ తెరిచారు. విస్తీర్ణం 20 లక్షల చదరపు అడుగులకు పైమాటే. ఆనాటికి ప్రపంచంలోని అతి పెద్ద మాల్స్‌లో అదొకటి. దాన్ని చూసుకుని ఊరు ఎంతగా మురిసిపోయిందంటే, తన అధికార ముద్రలో షాపింగ్ సంచుల బొమ్మలు వేయించుకుంది. 2009లో ఆ మాల్ మూతపడింది. కొన్నేళ్లు పాడుబడి ఉన్నాక కూల్చేశారు. 2018 నుంచి ఆ నేల మీద అమెజాన్ గోదాము నడుస్తోంది. అదే రాష్ట్రంలో యాక్రన్‌లోని రోలింగ్ ఏకర్స్ మాల్ స్థలంలోనూ, యూక్లిడ్ స్క్వేర్ మాల్ స్థలంలోనూ అమెజాన్ గోదాములే వెలిశాయి.

గోదాము వల్ల ఉద్యోగాలు వచ్చిన మాట నిజం. కప్పు కారుతూ, అద్దాలు పగిలి, పార్కింగ్ స్థలంలో పిచ్చి మొక్కలు మొలిచిన శిథిలం కన్నా అది నయమే. కానీ ఊరి జనమంతా కలుసుకున్న చోటు ఇప్పుడు గుర్తింపు కార్డు లేనిదే లోపలికి అడుగు పెట్టలేని ఆవరణ అయింది. శివారు మాల్ మూతపడినప్పుడు ఆ స్థలం ఏం కావాలన్నది అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బేరంగా మిగిలిపోకూడదని మేం గట్టిగా నమ్ముతున్నాం. అందులో మొదటి మాట ఊరిది కావాలి. ఎందుకంటే ఆ మాల్స్ కేవలం వ్యాపారుల పెట్టుబడితో లేచినవి కావు.

1954లో అమెరికా కాంగ్రెస్ ఆదాయపు పన్ను చట్టాన్ని తిరగరాసింది. కొత్తగా కట్టిన వాణిజ్య భవనాల తరుగుదలను తొలి ఏళ్లలోనే పెద్ద మొత్తంలో చూపించుకునే వీలు కల్పించింది. అద్దెలు నిండుగా వస్తున్నా పుస్తకాల్లో నష్టం కనిపించేది. ఆ నష్టం చూపి యజమాని తన ఇతర ఆదాయం మీద పన్ను తగ్గించుకునేవాడు. నగరం మధ్యలో పాత దుకాణాల వీధిని బాగుచేయడం కన్నా, శివారు పొలం కొని కొత్త మాల్ కట్టడమే లాభసాటి అయింది. రెండేళ్లకు అంతర్‌రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. ఆ రోడ్ల ఖర్చులో 90 శాతం కేంద్ర ఖజానాదే. ఇక ఇళ్లున్న చోట అంగడి ఉండరాదనీ, అంగడి ఉన్నచోట ఇళ్లు కట్టరాదనీ గిరిగీసిన జోనింగ్ నిబంధనలు పురపాలక సంఘాలు రాసినవే. ఇంత ప్రజాధనం, ఇన్ని చట్టాలు వెనక ఉంటే, ఇప్పుడు అదంతా మార్కెట్ నడిపిన కథ, ముగింపు కూడా మార్కెట్‌కే వదిలేయాలి అనడం చెల్లదు. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు సాగిన వ్యవహారమిది.

శివారు మాల్‌కు రూపం ఇచ్చిన మనిషే దాన్ని కాదనుకున్నాడు. వియన్నాలో పుట్టిన యూదు వాస్తుశిల్పి విక్టర్ గ్రూయెన్ 1938లో నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరాడు. మినెసోటా రాష్ట్రం ఈడైనాలో ఆయన రూపకల్పన చేసిన సౌత్‌డేల్ సెంటర్ 1956 అక్టోబరులో తెరుచుకుంది. అన్ని కాలాల్లోనూ ఒకే ఉష్ణోగ్రత, మధ్యలో చెట్లున్న విశాలమైన ప్రాంగణం, చుట్టూ రెండంతస్తుల్లో దుకాణాలు. బయట మంచు కురుస్తున్నా లోపల జనం తీరిగ్గా కూర్చునే చోటు అది. గ్రూయెన్ గీసిన ప్రణాళికలో మాల్ ఒక భాగం మాత్రమే. దాని చుట్టూ ఇళ్లు, బడి, వైద్యశాల, పార్కు, చెరువు ఉండాలన్నది ఆయన ఊహ. కారు మీద ఆధారపడి చెల్లాచెదురైన శివారుకు ఒక ఊరి నడిబొడ్డును ఇవ్వాలనుకున్నాడు. బిల్డర్లు అందులో డబ్బు వచ్చే ముక్క ఒక్కటే తీసుకున్నారు. మిగతా నేలను పార్కింగ్‌కు వదిలేశారు. జీవితం చివర్లో గ్రూయెన్ వియన్నాకు తిరిగి వెళ్లిపోయాడు. ఆ నగరం శివార్లలోనూ ఓ భారీ మాల్ లేస్తుంటే చూశాడు. తన పేరుతో కట్టిన ఈ రకం నిర్మాణాలతో తనకు సంబంధం లేదని 1978లో లండన్‌లో బహిరంగంగానే ప్రకటించాడు. ఇప్పుడు సౌత్‌డేల్‌లో జేసీ పెన్నీ ఉన్నచోట వ్యాయామశాల వచ్చింది. పార్కింగ్ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆయన కోరిన వాటిలో కొన్నయినా రావడానికి అరవై ఏళ్లు పట్టింది.

మాల్స్‌ను ఆన్‌లైన్ వ్యాపారం చంపేసిందని అందరూ అనే మాట. 2024లోనూ అమెరికా చిల్లర అమ్మకాల్లో ఆన్‌లైన్ వాటా దాదాపు 16 శాతమే. అసలు జబ్బు అంతకు ముందే ముదిరింది. జనాభా పెరిగిన వేగాన్ని మించి మాల్స్ కట్టారు. తలసరి దుకాణ స్థలం అక్కడ 20 చదరపు అడుగులు దాటిపోయింది. చాలా ఐరోపా దేశాల్లో అది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. పదేసి మైళ్ల దూరంలో రెండు మూడు మాల్స్ ఒకే కొనుగోలుదారు కోసం కొట్టుకున్నాయి. సియర్స్ 2018లోనూ, జేసీ పెన్నీ 2020లోనూ దివాలా కోర్టుకెక్కాయి. దాదాపు 150 దుకాణాలు మూసేస్తామని మేసీస్ 2024లో ప్రకటించింది.

ఒక పెద్ద దుకాణం పోతే మిగతావి ఎందుకు కూలతాయో తెలియాలంటే అద్దె ఒప్పందాలు చూడాలి. మాల్‌కు చివర ఉండే పెద్ద దుకాణాన్ని యాంకర్ అంటారు. జనం దాని కోసం వస్తారు. దారిలోని చెప్పుల కొట్టు, గడియారాల కొట్టు ఆ రాకపోకల మీద బతుకుతాయి. అందుకే చాలామంది చిన్న దుకాణదారులు ఒప్పందంలో ఒక షరతు రాయించుకుంటారు: యాంకర్ వెళ్లిపోతే తమ అద్దె తగ్గాలి, లేదా తాము ఖాళీ చేసి పోవచ్చు. ఒక యాంకర్ వెళ్లగానే అద్దెలు పడిపోతాయి. అద్దెలు పడిపోగానే బ్యాంకు వాయిదా ఆగుతుంది. కప్పు మరమ్మతు, ఎస్కలేటర్ మరమ్మతు వాయిదా పడతాయి. అప్పుడు చవగ్గా కొనడానికి కాచుకున్నవారు దిగుతారు. మిగిలిన అద్దెలు పిండుకుంటారు, పన్నులు ఎగ్గొడతారు. కరెంటు బిల్లు కట్టక చీకట్లో మునిగిన మాల్స్ కూడా ఉన్నాయి. మాల్ విలువ పడిపోయిన కొద్దీ దాని మీద వచ్చే ఆస్తి పన్ను కరిగిపోతుంది. అమెరికాలో బడుల ఖర్చుకు ఆ పన్నే పెద్ద ఆధారం.

డబ్బు లెక్కలకు అందని నష్టం ఇంకొకటుంది. డాలస్, న్యూజెర్సీ, చికాగో శివార్లలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండిపోవడానికి వెళ్లే మన పెద్దవాళ్లను అడగండి. కారు నడపడం రాదు. వీధిలోకి వెళ్తే మాట్లాడే మనిషి కనిపించడు. జనవరి చలిలో ఏదో ఒక పూట కోడలో, కొడుకో దింపి వెళ్తే, మోకాళ్ల నొప్పితోనైనా నాలుగు చుట్లు తిరిగి, బెంచీ మీద కూర్చుని ఇంకో తెలుగు ముఖం కోసం చూసే చోటు మాల్. అమెరికన్ వృద్ధులకూ అంతే. తలుపులు తెరిచీ తెరవకముందే నడకకు వచ్చేవారు ప్రతి మాల్‌లోనూ ఉంటారు.

అయితే పాత మాల్‌ను అలాగే నిలబెట్టాలని మేం కోరడం లేదు. అది జనం కలుసుకునే చోటే గానీ, జనానిది కాదు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పోర్ట్‌లాండ్‌లోని లాయిడ్ సెంటర్‌లో కరపత్రాలు పంచినవారికి ఆ హక్కు లేదని అమెరికా సుప్రీంకోర్టు 1972లో తేల్చింది. మాల్ ప్రైవేటు స్థలమన్నది కారణం. న్యూజెర్సీ అత్యున్నత న్యాయస్థానం మాత్రం 1994లో తన రాష్ట్ర రాజ్యాంగాన్ని ఆధారం చేసుకుని పెద్ద మాల్స్‌లో కరపత్రాలు పంచనివ్వాలని చెప్పింది. ఊరి వీధి స్థానాన్ని మాల్ ఆక్రమించినప్పుడు వీధిలోని స్వేచ్ఛ కూడా అక్కడ ఉండాలన్న ఆ తీర్పే న్యాయం.

1995 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రం బఫెలో దగ్గర వాల్డెన్ గలేరియా మాల్‌లో పని చేసే 17 ఏళ్ల నల్లజాతి అమ్మాయి సిటీ బస్సులో వచ్చింది. నగరం నుంచి వచ్చే 6వ నంబరు బస్సును మాల్ ఆవరణలోకి అప్పట్లో రానిచ్చేవారు కాదు. ఏడు వరుసల రోడ్డుకు అవతల దిగింది. రోడ్డు దాటుతుండగా ట్రక్కు ఢీకొంది. కొన్ని రోజులకు చనిపోయింది. నెలల పసివాడు తల్లి లేనివాడయ్యాడు. కారులో వచ్చినవారికి వేల పార్కింగ్ గళ్లు గీసిన చోట, బస్సులో పనికి వచ్చే పిల్లకు ఒక్క స్టాపు కరువైంది. ఊరి వీధిలోకి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో ఒక ప్రైవేటు యజమాని నిర్ణయిస్తే ఇలాగే ఉంటుంది.

మూతపడ్డ మాల్‌కు వేరే బతుకు ఉందని చూపించిన ఊళ్లున్నాయి. టెక్సస్‌లో ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీ 1971 నాటి హైలాండ్ మాల్‌ను కొని, పాత జేసీ పెన్నీ భవనంలో 2014లో 600కు పైగా కంప్యూటర్ల అభ్యాస కేంద్రంతో తరగతులు మొదలుపెట్టింది. నాష్‌విల్‌లో వన్ హండ్రెడ్ ఓక్స్ మాల్ పై అంతస్తును వాండర్‌బిల్ట్ వైద్య కేంద్రం 2009లో క్లినిక్కులుగా మార్చింది, తర్వాత మాల్‌నే కొనేసింది. వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్‌టన్‌లో హైస్కూలు భవనంలో విషరసాయనాలు బయటపడితే 2021లో పిల్లలను నగరం మధ్యలోని పాత మేసీస్ దుకాణంలోకి మార్చారు. పిల్లలు ఎస్కలేటర్ ఎక్కి క్లాసుకు వెళ్లారు. బట్టల కంపెనీల పేర్లు గోడల మీద అలాగే ఉండేవి. తరగతి గోడలు పైకప్పు దాకా లేక పక్క గది పాఠం ఇవతలికి వినబడేది. ఇబ్బందే. అయినా ఆపత్కాలంలో బడి ఆగలేదు. కొలరాడోలోని లేక్‌వుడ్ మరింత ధైర్యం చేసింది. 1966 నాటి విల్లా ఇటాలియా మాల్‌ను తీసేసి, ఆ నేల మీద 22 బ్లాకుల వీధులు వేసి, ఇళ్లూ దుకాణాలూ కలిసిన బెల్మార్ అనే కొత్త నడిబొడ్డును కట్టుకుంది. వీటన్నిటి వెనక ఒక ప్రజా సంస్థో, విశ్వవిద్యాలయ వైద్య సంస్థో, పురపాలక సంఘమో పూనుకుని నిలబడింది. ఊరికే కూర్చున్న ఊళ్లకు గోదాములే దక్కాయి.

ఇలాంటి మార్పుకు అడ్డుపడుతున్నది జోనింగ్, దాని వెనకున్న ఇళ్ల యజమానులు. వాణిజ్య స్థలాల్లో అందుబాటు ధర ఇళ్లకు నేరుగా అనుమతివ్వాలని కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలూ అదే చేయాలి. టెక్సస్‌లోని ప్లేనోలో 1981 నాటి కాలిన్ క్రీక్ మాల్ 2019లో మూతపడింది. అలాంటి స్థలాల మీద సిటీ కౌన్సిల్ విచారణ జరిగినప్పుడు, అపార్ట్‌మెంట్లు వస్తే బడులు కిక్కిరిసిపోతాయి, ఇళ్ల ధరలు పడిపోతాయి అని వాదించేవారిలో తెలుగువారు చేరకూడదని మా విన్నపం. ఎమ్మెస్ చదవడానికి వెళ్లి నలుగురు కలిసి రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్న రోజులు వారెవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు అటువంటి ఇల్లు దొరికింది కనుకే ఇప్పుడు సొంతిల్లుంది.

హైదరాబాద్‌లో ఇప్పుడు కథ తిరగబడి ఉంది. ఇక్కడ మాల్స్ నిండుతున్నాయి, ఇంకా కడుతున్నారు. కానీ 2023లో దేశంలోని ఎనిమిది పెద్ద నగరాల్లో 64 షాపింగ్ సెంటర్లు 40 శాతానికి మించి ఖాళీగా ఉన్నాయని నైట్ ఫ్రాంక్ సంస్థ లెక్కగట్టింది. హైదరాబాద్ ఆ లెక్కలో మెరుగ్గానే ఉంది. ఇప్పుడే షరతులు పెట్టాల్సింది అందుకే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ప్రభుత్వం తలచుకుంటే పని అవుతుందనడానికి రుజువు మన దగ్గరే ఉంది: మాల్స్‌లో తొలి 30 నిమిషాలకు పార్కింగ్ రుసుము వసూలు చేయరాదని తెలంగాణ ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. బండి ఉన్నవారికి చేసిన మేలు నడిచి వచ్చేవారికి ఎందుకు చేయరు?

ప్రతి కొత్త మాల్ గేటు దగ్గరే ఆర్టీసీ బస్సు ఆగాలి. రోడ్డు వైపు గోడ కాక దుకాణాలు తెరుచుకోవాలి, ముందు నడవడానికి ఫుట్‌పాత్ ఉండాలి. షాపు కొంటే నెలనెలా అద్దె గ్యారంటీ అని ప్రకటనలిచ్చి చిన్న మదుపరులకు ముక్కలుగా అమ్మడాన్ని ఆపాలి. వంద మంది యజమానులున్న మాల్ ఒకసారి పడిపోతే దాన్ని లేపడానికి వందమంది ఒక మాట మీదికి రారు. భవనం మూడేళ్లపాటు సగానికి మించి ఖాళీగా ఉంటే బడికో, ఆసుపత్రికో, గ్రంథాలయానికో తీసుకునే హక్కు పురపాలక సంఘానికి అనుమతి పత్రంలోనే రాయాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో తర్వాతి మాల్ ఫైలు మీద సంతకం పడకముందే రెండు రాష్ట్రాల పురపాలక శాఖలూ ఈ షరతులను నిబంధనల్లో చేర్చాలి.