ఫలక్‌నుమా కట్టించిన బావగారు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని ఊరికే అన్నారా అక్కయ్యలూ! ఈ రెండూ చేసిన ఓ నవాబుగారి సంగతి వినండి.

పేరు వికారుల్ ఉమ్రా. పాయిగా జాగీర్దార్ల బిడ్డ. పెళ్ళాడింది ఐదో నిజాం కూతుర్ని. అంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు సాక్షాత్తూ బావగారు! అలాంటాయన మామూలు ఇల్లు కడతాడా? 1884లో హైదరాబాదులో కొండ మీద ఫలక్‌నుమాకు పునాది వేయించాడు. ఇటలీ చలువరాళ్ళు, 101 మంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల! (వడ్డించేవాళ్ళ కాళ్ళు ఏమైపోయేవో!) కట్టడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తర్వాత హైదరాబాదు దివానుగా కూడా చేశాడు గానీ, అంత జాగీరున్న మనిషీ అప్పుల్లో మునిగాడు. మేడ బావమరిది నిజాం చేతికి పోయింది. ఆ నిజాం 1911లో అక్కడే కన్నుమూశాడు. 2010లో అది తాజ్ హోటలైంది.

మా బత్తలపల్లెలో నాకు తెలిసినవాళ్ళు వేరుశనక్కాయల రాబడి నమ్ముకుని అప్పు తెచ్చి మిద్దె వేశారు. రెండేళ్ళు వరసగా వాన లేదు. అమ్ముకున్నారు. వెళ్ళే రోజు ఆ ఇల్లాలు పొయ్యిగట్టు కడిగి, వాకిట్లో ముగ్గేసి మరీ తాళంచెవి ఇచ్చింది. ఫలక్‌నుమా మెట్లు దిగిన రోజున ఆ నిజాం ఆడబిడ్డకు ఎట్లుండిందో!