వ్యాపారం నడిపిన చెయ్యి... దేశాన్ని నడపగలదా?

2025 సెప్టెంబరు 20, శనివారం. దసరా నవరాత్రులకి రెండ్రోజుల ముందు. ఆ రోజు పొద్దున్నుంచీ మన వైపు ఎన్నో ఇళ్ళల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అమెరికాలో ఉన్న అబ్బాయికి, అమ్మాయికి, అల్లుడికి. "పండక్కని వచ్చినవాళ్ళు ఉన్నపళంగా వెనక్కి వెళ్ళాలా?" "టికెట్లు దొరుకుతాయా?" అందరి నోటా ఇదే మాట.

జరిగిందేమిటంటే, అంతకు ముందురోజు అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. హెచ్-1బీ వీసా మీద విదేశీ ఉద్యోగిని తెచ్చుకునే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని. అప్పటి లెక్కలో మన డబ్బు 88 లక్షలు! ఆ వీసాలు పొందేవాళ్ళలో పదిమందికి ఏడుగురు భారతీయులే. అందులో మన తెలుగు పిల్లలెంతమందో వేరే చెప్పాలా? ఏటా కట్టాలన్నట్టు వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ మాట్లాడారు. బయట ఉన్నవాళ్ళు వెంటనే వచ్చేయండని కొన్ని పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకి కబురు పెట్టాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కి కూర్చున్న వాళ్ళు దిగిపోయారని వార్తలొచ్చాయి. తీరా ఒక్కరోజు గడిచాక వైట్‌హౌస్ నుంచి వివరణ... ఏటా కాదు, ఒక్కసారే. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు, కొత్త దరఖాస్తులకే!

ఈలోపు మూడింతల ధర పోసి టికెట్లు కొనుక్కున్నవాళ్ళ మాటేమిటి? ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు.

"అంత పెద్ద వ్యాపారస్తుడు కదా, వెనకాముందూ చూసుకోడా?" అని ఆ రోజు చాలామంది అమ్మలు ఆశ్చర్యపోయారు. ఉత్తర్వు పెట్టినవాడూ వ్యాపారే. దాన్ని వివరించబోయి గందరగోళం చేసిన మంత్రీ న్యూయార్క్‌లో పెద్ద ఆర్థిక సంస్థ నడిపినవాడే. మరి ఎక్కడ తేడా వచ్చింది?

నిజానికి ట్రంప్‌ని గెలిపించిన మాటల్లో ఇదొకటి. "ఆయన వ్యాపారం చేసినవాడు. రాజకీయ నాయకుల్లా కాదు. దేశాన్ని కంపెనీలా నడుపుతాడు." 2016లో గెలిచేనాటికి ఆయన ఏ ప్రభుత్వ పదవీ చేయలేదు, సైన్యంలోనూ పనిచేయలేదు. అమెరికా చరిత్రలో అలా అధ్యక్షుడైన మొదటి మనిషి ఆయనే. జనం ఆయన్ని చూసింది ఎక్కువగా టీవీలో. 2004లో మొదలైన 'ది అప్రెంటిస్' అనే కార్యక్రమంలో పెద్ద బల్ల వెనక కూర్చుని, నచ్చనివాళ్ళని 'నీ ఉద్యోగం పోయింది' అని పంపేసే యజమానిగా.

అక్కడే ఉంది కిటుకు. కొట్లో గుమాస్తా నచ్చకపోతే రేపట్నుంచి రావద్దని చెప్పొచ్చు. ఇంట్లో ఆడపడుచు నచ్చకపోతే? అత్తగారికి మీరంటే గిట్టకపోతే? మాన్పించే వీలుందా! వాళ్ళతోనే పండగ చెయ్యాలి, వాళ్ళతోనే పెళ్ళిళ్ళు నడపాలి. దేశం కొట్టు లాంటిది కాదు, ఉమ్మడి కుటుంబం లాంటిది. అమెరికాలో అధ్యక్షుడు తన మంత్రిని తీసేయగలడు. కానీ ప్రతినిధుల సభలో ఉన్న 435 మందినీ, సెనేట్‌లో ఉన్న 100 మందినీ ఏమీ చేయలేడు. ఖజానా తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ట్రంప్‌కి ఈ సంగతి గట్టిగా తెలిసొచ్చింది 2018 డిసెంబరులో. మెక్సికో సరిహద్దు గోడకి 570 కోట్ల డాలర్లు ఇవ్వకపోతే ప్రభుత్వాన్నే మూసేస్తాననీ, అందుకు గర్వపడతాననీ టీవీ కెమెరాల ముందే అన్నారు. వ్యాపార బేరాల్లో ఇది పాత పద్ధతే. లేచి గుమ్మం దాకా వెళ్ళినట్టు నటిస్తే అవతలివాడు దిగొస్తాడు! చీరల కొట్లో మనమూ చేస్తాం. కానీ అవతల కూర్చున్నది నాన్సీ పెలోసీ. అయిదుగురు పిల్లల్ని పెంచి పెద్దచేసి, 47వ ఏట పార్లమెంటులో అడుగుపెట్టిన మనిషి. అలిగి కూర్చున్నవాళ్ళని ఎంతమందిని చూసి ఉంటుంది! ఆవిడ కదల్లేదు. మూత 35 రోజులు సాగింది. 8 లక్షల మంది ప్రభుత్వోద్యోగులకి జీతాల్లేవు. విమానాశ్రయాల్లో తనిఖీ చేసేవాళ్ళు జీతం లేకుండానే డ్యూటీకి వచ్చారు. ఉచితంగా సరుకులిచ్చే చోట్ల వరసల్లో నిలబడ్డారు.

అప్పుడు వాణిజ్య మంత్రి విల్బర్ రాస్, ఆయనా కోటీశ్వరుడైన వ్యాపారే, ఒక మాటన్నారు. వీళ్ళు సరుకుల కోసం వరసలో ఎందుకు నిలబడుతున్నారో తనకి బోధపడటం లేదనీ, బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు కదా అనీ! నెలాఖరున పాలవాడికి చెప్పుకోవాల్సిన సంజాయిషీ ఎలా ఉంటుందో ఎరిగిన ఆడవాళ్ళెవరూ ఆ మాట అనరు.

చివరికి 2019 జనవరి 25న గోడకి పైసా రాకుండానే ట్రంప్ సంతకం పెట్టి ప్రభుత్వాన్ని తెరిచారు. ఫిబ్రవరిలో ఒప్పుకున్న మొత్తం 137.5 కోట్ల డాలర్లు. అడిగిన దాంట్లో పావు వంతు. ఆ తర్వాత అత్యవసర పరిస్థితి ప్రకటించి వేరే పద్దుల నుంచి డబ్బు మళ్ళించుకున్నారనుకోండి, అది వేరే కథ. బేరం మాత్రం పోయింది.

మరో తేడా ఉంది, అది ఇంకా పెద్దది. వ్యాపారంలో నష్టానికి ఒక గట్టు ఉంటుంది. ట్రంప్ 1990లో అట్లాంటిక్ సిటీలో 'తాజ్‌మహల్' అని పేరు పెట్టి ఒక పెద్ద జూదశాల తెరిచారు. మరుసటి ఏడాదే అది దివాలా కోర్టుకెక్కింది. 1991 నుంచి 2009 దాకా ఆయన హోటళ్ళు, జూదశాలల సంస్థలు మొత్తం ఆరుసార్లు అలా వెళ్ళాయి. చట్టం ఇచ్చిన దారినే వాడుకున్నానని ఆయన అంటారు, నిజమే. అప్పులిచ్చినవాళ్ళు కొంత వదులుకున్నారు. పని చేసిపెట్టిన చిన్న కాంట్రాక్టర్లు రావాల్సింది పూర్తిగా రాక నష్టపోయారు. యజమాని మాత్రం మళ్ళీ ఇంకో వ్యాపారం మొదలెట్టాడు. దేశానికి ఆ సౌకర్యం లేదు. జీతం రాని తనిఖీ ఉద్యోగినినీ, లైసెన్సు లేని మందునీ, మునిగిన ఊరినీ 'ఈ పద్దు కొట్టేశాం' అని పక్కన పెట్టడం కుదరదు.

అలాగని వ్యాపార బుద్ధి పనికిరాదని అనలేం. 2020లో కోవిడ్ టీకా కోసం ట్రంప్ ప్రభుత్వం చేసిన పని చూడండి. టీకా పనిచేస్తుందో లేదో తేలకముందే కంపెనీలకి కోట్ల డాలర్ల ఆర్డర్లిచ్చి తయారుచేయించారు. పోతే పోయింది, వస్తే ప్రాణాలు దక్కుతాయని. గుమాస్తా బుద్ధితో ఆ సాహసం చేయలేరు. ఏడాది తిరక్కుండా టీకా వచ్చింది. కానీ అదే ఏడాది మార్చిలో, పరీక్షలు సరిగా జరగలేదు, బాధ్యత మీదేనా అని అడిగితే, నేనసలు బాధ్యత తీసుకోను అన్నదీ ఆయనే.

ఆయనకి ముందూ ఒక గొప్ప వ్యాపారి ఆ పీఠం ఎక్కాడు. హెర్బర్ట్ హూవర్. గనుల ఇంజనీరు. ఆస్ట్రేలియాలో, చైనాలో పనిచేసి బోలెడు సంపాదించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియం ప్రజలకి తిండి పంపే బ్రహ్మాండమైన ఏర్పాటు నడిపాడు. భార్య లూ హెన్రీ కూడా భూగర్భశాస్త్రం చదివిన మనిషి. ఇద్దరూ కూర్చుని గనుల మీద ఉన్న పాత లాటిన్ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, 1912లో అచ్చయింది. ఇంత సమర్థుడు, ఇంత మంచివాడు! 1928లో గెలిచాడు. 1929 అక్టోబరులో స్టాక్ మార్కెట్ కూలింది. ఊళ్ళు ఆకలితో అలమటిస్తుంటే, ప్రభుత్వం నేరుగా జనం చేతికి సాయం ఇవ్వకూడదని పట్టుబట్టాడు. దిగుమతి సుంకాలు పెంచే చట్టం మీద సంతకం చేయొద్దని వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు మొత్తుకున్నారు. 1930లో చేశాడు. నిలువనీడ లేనివాళ్ళు రేకులతో, అట్టలతో వేసుకున్న గుడిసెలకి జనం 'హూవర్‌విల్' అని ఆయన పేరే పెట్టారు. 1932లో ఆయన 48 రాష్ట్రాల్లో ఆరే గెలిచాడు.

హూవర్‌ని ఓడించిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వ్యాపారంలో గొప్పగా రాణించినవాడేమీ కాదు. ఆత్మాభిమానానికి మాత్రం తక్కువ లేదు. నాలుగుసార్లు పోటీ చేసి నాలుగుసార్లూ గెలిచినవాడికి లేకుండా ఎలా ఉంటుంది! కానీ ఒక సంగతి చూడండి. కార్మిక మంత్రిగా ఉండమని ఆయన ఫ్రాన్సిస్ పెర్కిన్స్‌ని అడిగితే, ఆవిడ ఒక జాబితా తీసుకెళ్ళారు. వృద్ధులకి పింఛను, పని లేనివాళ్ళకి భృతి, కనీస వేతనం, పిల్లల చేత పని మాన్పించడం. ఇవి చేయనిస్తేనే వస్తాను, లేకపోతే వేరేవాళ్ళని చూసుకోండి అన్నారు. ఆయన సరేనన్నాడు. అమెరికా మంత్రివర్గంలో మొదటి మహిళ ఆవిడే. 1935లో వచ్చిన సామాజిక భద్రతా చట్టం వెనక ఆవిడ కష్టం ఎంతో ఉంది. ఈ రోజుకీ అక్కడి ముసలివాళ్ళ పింఛను ఆ చట్టం ప్రకారమే వస్తోంది.

తన మీద తనకి నమ్మకం ఉండటం తప్పు కాదు. అది లేనివాళ్ళు ఎన్నికల్లో నిలబడనే నిలబడరు. చూడాల్సింది, ఎదురుగా నిలబడి షరతు పెట్టేవాళ్ళని భరించే నమ్మకమా, భరించలేని నమ్మకమా అని. 2016లో పార్టీ మహాసభ వేదిక మీద ట్రంప్, ఈ వ్యవస్థని తానొక్కడే బాగుచేయగలనన్నారు. 2018లో తనంతట తనే తాను మేధావినని రాసుకున్నారు. 2020లో జో బైడెన్ చేతిలో 70 లక్షల ఓట్ల తేడాతో ఓడిపోయాక, ఓడిపోయానని ఒప్పుకోలేదు. 2021 జనవరి 6న ఆయన మద్దతుదారులు పార్లమెంటు భవనం మీదపడి అద్దాలు పగలగొట్టారు. ఓటమిని మింగలేని నమ్మకం ఒక మనిషి ఇంట్లో ఉంటే ఇల్లాలికి కష్టం, రాజ్యంలో ఉంటే అందరికీ కష్టం. అయినా 2024లో జనం ఆయన్నే మళ్ళీ ఎన్నుకున్నారు. ధరలు మండిపోతుంటే పాత పొరపాట్లు ఎవరికి గుర్తుంటాయి? ఆ ఓటర్లని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. సంతకెళ్ళి కోడిగుడ్ల ధర చూసి గుండె గుభేలుమన్నవాళ్ళు వాళ్ళు.

ఇంతకీ వ్యాపారానుభవం అంత గొప్ప అర్హతే అయితే, అది ఆడమనిషికి ఉన్నప్పుడు ఏమైంది?

కార్లీ ఫియోరినా అని ఒకావిడ. 1999 నుంచి 2005 దాకా హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీకి అధిపతి. అమెరికాలో అంత పెద్ద కంపెనీని అంతకు ముందు ఏ మహిళా నడపలేదు. 2015లో ట్రంప్ పార్టీ నుంచే ఆవిడా అధ్యక్ష పదవికి పోటీకి దిగారు. అంతే, ఆవిడ హయాంలో దాదాపు 30 వేల ఉద్యోగాలు పోయాయనీ, కంపెనీ బోర్డు ఆవిడ్ని తీసేసిందనీ ప్రతి చర్చలోనూ తవ్వారు. తవ్వాల్సిందే, కాదనను. ఉద్యోగాలు పోయినవాళ్ళ ఉసురు చిన్నది కాదు. కానీ ఆరు దివాలాలు ఉన్న మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన దగ్గర అవి తెలివితేటల కింద చెల్లిపోయాయి.

అంతటితో అయిందా? ఒక పత్రిక విలేఖరి పక్కనుండగా, టీవీలో ఆవిడ్ని చూసి ట్రంప్, ఆ మొహం చూడండి, ఆ మొహానికి ఎవరైనా ఓటేస్తారా అన్నారు. అచ్చయింది. తర్వాత ఆవిడ వ్యక్తిత్వం గురించి అన్నానని సర్దుకోబోయారు. సెప్టెంబరు 16న అభ్యర్థులంతా ఒకే వేదిక మీద ఉన్న చర్చలో ఆవిడ్ని ఆ సంగతి అడిగారు. ఆవిడ గొంతు పెంచలేదు. ట్రంప్ గారు అన్నమాట ఈ దేశంలో ఆడవాళ్ళందరికీ స్పష్టంగానే వినపడిందనుకుంటాను అన్నారు, అంతే. హాలంతా చప్పట్లు.

కొన్నాళ్ళు ఆవిడ పేరు మోగింది. ఏడాది చివరికి సర్వేల్లో అట్టడుగుకి జారింది. 2016 ఫిబ్రవరి 10న ఆవిడ పోటీ నుంచి తప్పుకున్నారు. జులైలో ఆయన పార్టీ అభ్యర్థి అయ్యారు.