జర్మన్ పని బట్టలు, మన దర్జీ కూలి

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక మన సంఘం ఆదివారం తరగతిలో నేర్చుకున్నాను. అక్షరదోషాలుంటే దిద్దండి. విషయంలో దోషముంటే పోట్లాడండి. అయితే కడదాకా చదివి పోట్లాడండి.

పోయిన ఆదివారం సమావేశానికి రానివాళ్ల కోసం జరిగింది చెబుతాను. మన తమ్ముడొకడు, పేరెందుకులే, ఇక్కడే కోయంబత్తూరులో పన్నెండు మిషన్లు పెట్టి కుట్టుపని చేయిస్తున్నాడు. అతనికి ఇంగ్లండు నుంచి ఒక వ్యాపారి ఆర్డరు పంపినాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సిపాయిలు పనివేళ వేసుకున్న బట్టలకు నకళ్లు కావాలి, రెండు వందల జతలు. ఆ దేశాల్లో పాత యుద్ధాలకు వేషం కట్టి చూపించే బృందాలున్నాయి. మైదానంలో డేరాలు వేస్తారు, వంటబండి పెడతారు, ఆనాటి సిపాయి బతుకు ఎట్లా ఉండేదో జనానికి చూపిస్తారు. వాళ్లకు అమ్మడానికి ఈ సరకు. గుడ్డతో సహా జతకు 900 రూపాయలు ఇస్తాడట. పైగా గద్ద, దాని కాళ్ల కింద స్వస్తిక్ ఉన్న గుర్తులు రెండు వందలు విడిగా కుట్టి పంపాలట.

అంతే, సభ రెండుగా చీలింది. "హిట్లర్ బట్టలు మన చేత్తో కుట్టేదా, ఛీ" అని కొందరు. "వ్యాపారంలో పాపమూ పుణ్యమూ ఏముంది, అడిగింది కుట్టు, మనం కాదంటే ఇంకొకడు కుడతాడు" అని ఇంకొందరు. ఈ ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

ముందు ఛీ అన్నవాళ్లకు. అది ఏ బట్టో తెలుసుకుని మాట్లాడండి. జర్మన్లో దాని పేరు డ్రిల్లిష్. చేప ముల్లు మాదిరి వాలు గీతలు పడేట్టు నేసిన దళసరి గుడ్డ. కవాతుకు ఉన్ని కోటు. లాయం కడగడానికి, తుపాకులు తుడవడానికి, వంటశాల పనికి ఇది. మొదట్లో రంగు వెయ్యని ముడినూలు తెలుపులో ఉండేది. 1940లో రెల్లు ఆకుపచ్చకు మార్చినారు. కోటుకు అయిదు గుండీలు, కింద రెండు అతుకు జేబులు, అంతే. గుండీలు చిన్న రింగులతో తగిలిస్తారు, ఉతికేటప్పుడు ఊడదీయవచ్చు. మా లోకో షెడ్డులో ఖలాసీలు వేసుకునే నీలం బట్టలు చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. మసి, నూనె, చెమట కోసం పుట్టిన బట్ట.

వేషం కట్టేవాళ్లంతా హిట్లర్ భక్తులు అనడం కూడా అన్యాయం. యుద్ధం చూపించాలంటే రెండో పక్షం వేషం ఎవరో ఒకరు కట్టాల్సిందే. మన వీధి నాటకంలో రావణుడి వేషం కట్టినవాణ్ణి రాక్షసుడు అంటామా? పైగా ఉన్ని కోటు, బూట్లు, టోపీ, బెల్టు, అన్నీ కొనాలంటే జేబు చిల్లు పడుతుంది. అసలు బట్టలు మ్యూజియాల్లోనూ సేకరణలు చేసేవాళ్ల పెట్టెల్లోనూ ఉంటాయి, వాటిని తొడుక్కుని బురదలో పొర్లడం పాపం. అందుకని మొదట పని బట్ట కొంటారు. చవకగా కావాలని అడుగుతారు. అడగడం తప్పు కాదు.

ఇక "అడిగింది కుట్టు" అన్నవాళ్లకు. ఆ చవక ఎవరి ఒంట్లోంచి వస్తుంది? నేను గుమాస్తాని, లెక్క వేసినాను. జతకు నాలుగు మీటర్ల గుడ్డ. మన తమ్ముడు చెప్పిన ధర మీటరు 170. అంటే గుడ్డకే 680 పోయింది. మిగిలింది 220. అందులో దారం, గుండీలు, కటింగు, ఇస్త్రీ, ప్యాకింగు, కరెంటు, తర్వాత రెండు ఉడుపుల కుట్టుకూలి. వ్యాపారి గుడ్డ ధర తగ్గించడు, కరెంటోళ్లు బిల్లు తగ్గించరు. తగ్గేది మిషను ముందు కూర్చున్న ఆడమనిషి కూలి ఒక్కటే. ఆ మనిషి మన వీధి మనిషే.

దానితో ముగియలేదు. రంగు ఛాయ తేడా వస్తే సరకు వాపసు, ఉతికితే కుంచించుకుపోతే వాపసు అని ఆర్డరులో రాసినాడు. నేను చాలా ఏళ్లు పార్సెల్ ఆఫీసులో కూర్చున్నాను. మా దగ్గర రెండు రేట్లుండేవి, ఓనర్స్ రిస్క్ ఒకటి, రైల్వే రిస్క్ ఒకటి. ఓనర్స్ రిస్క్ చవక. ఎందుకు చవక? సరకు పాడైతే నష్టం నీది కాబట్టి. ఈ వ్యాపారి రేటేమో ఓనర్స్ రిస్క్ రేటు ఇస్తాడు, నష్టమేమో మన నెత్తిన పెడతాడు. ఇట్లాంటి రసీదు మీద నేను ఎన్నడూ సంతకం పెట్టలేదు.

మన ఊరిని దక్షిణ భారత మాంచెస్టర్ అని గొప్పగా చెప్పుకుంటాము. పోలండులో లోడ్జ్ అని ఒక ఊరుంది, దాన్ని పోలండు మాంచెస్టర్ అంటారు. మన ఊరిలాగే మిల్లుల ఊరు. 1940లో నాజీలు అక్కడి యూదులను ఒక మూలకు తోసి, చుట్టూ కంచె వేసి మూసినారు. లక్షా అరవై వేల మంది. వాళ్ల చేత వర్క్‌షాపుల్లో పని చేయించినారు. ఏం కుట్టినారో తెలుసా? జర్మన్ సైన్యానికి యూనిఫారాలు. ఆకలితో కుట్టినారు, పిల్లలు కూడా కుట్టినారు. పనికి వస్తే బతకనిస్తారు అనే ఆశతో కుట్టినారు. 1944 ఆగస్టులో మిగిలినవాళ్లలో ఎక్కువమందిని ఆష్‌విట్స్ బండ్లు ఎక్కించినారు. రావెన్స్‌బ్రూక్ క్యాంపులో ఆడఖైదీలు ఎస్ఎస్ సొంత కంపెనీ కోసం మిషన్లు తొక్కినారు. ఆ బండ్లు నడిపింది కూడా రైల్వేవాళ్లే. అది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

మన వర్క్‌షాపునూ ఆ కంచెనూ నేను పోల్చడం లేదు. పోలిస్తే నా నోరు పుచ్చిపోతుంది. చెప్పేది ఇంతే. ఆ యూనిఫారం చరిత్రలో సిపాయి ఒక్కడే లేడు, దర్జీ కూడా ఉన్నాడు. మైదానంలో సిపాయి వేషం కట్టేవాడు ఆ దర్జీని చూపించడు. గుండీ రింగు సరిగ్గా ఉందా అని భూతద్దం పెట్టి చూసేవాడు, దాన్ని కుట్టిన చేతికి ఎంత ముట్టిందో కూడా ఒకసారి అడగాలి. చరిత్ర మీద నిజమైన ప్రేమ ఉంటే అది కూడా చరిత్రే.

గుర్తుల సంగతి. "స్వస్తిక్ మనదే కదన్నా, దీపావళికి లెక్కల పుస్తకం మీద వేసుకుంటామే" అన్నాడు ఒక పెద్దమనిషి. అయ్యా, ఆ వ్యాపారి లెక్కల పుస్తకం కోసం అడగలేదు. జర్మనీలో ఆ గుర్తును బహిరంగంగా వాడితే 86ఎ సెక్షన్ కింద నేరం. పాఠానికి, పరిశోధనకు, కళకు మాత్రం మినహాయింపు ఉంది. 2005లో ఇంగ్లండు యువరాజు హ్యారీ ఒక వేడుకకు ఆ గుర్తు చేతికి కట్టుకుని పోయి, ఫొటో బయటపడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఇంకొకటి, మామూలు సిపాయి పని కోటుకు రొమ్ము మీద ఆ గద్ద ఉండేదే కాదు. పని బట్టకు సరిపడే వేషం కావాలన్నవాడికి ఆ గుర్తుతో పనేముంది? విడిగా రెండు వందలు అడుగుతున్నాడంటే అది బట్ట కోసం కాదు. వద్దని చెప్పాల్సింది దానికే.

"మనం కాదంటే ఇంకొకడు కుడతాడు." కుట్టనీ. లంచం కూడా మనం తీసుకోకపోతే ఇంకొకడు తీసుకుంటాడు. ముప్పై ఆరేళ్ల సర్వీసులో ఆ మాట నాకు చాలామంది చెప్పినారు.

చవకగా ఇవ్వడానికి నీతిగల దారి ఉంది. మూడు నాలుగు బృందాల ఆర్డర్లు కలిపి ఒకే లాటుగా గుడ్డ కొంటే, ఒకేసారి రంగు వేయిస్తే, ఛాయ తేడా రాదు, మీటరు ధర దిగుతుంది. ముందే కుంచింపజేసిన గుడ్డ కొంటే వాపసు గొడవ ఉండదు. సైజులు కలిపి మార్కర్ వేస్తే కటింగులో వృథా తగ్గుతుంది. గుండీలూ రింగులూ పొట్లం కట్టి ఇస్తే వాళ్లే తగిలించుకుంటారు, వాళ్లకు అది సరదా కూడా. ధర తగ్గేది గుడ్డలో, కత్తెరలో. కూలిలో కాదు.

కాబట్టి నా షరతులు ఇవి. పని బట్ట మాత్రమే, గుర్తులు లేవు. సగం డబ్బు ముందుగా. శాంపిల్ మీద అతను ఒప్పుకుని సంతకం పెట్టినాక ఛాయ పేరుతో వాపసు లేదు. మన వీధిలో ఇప్పుడు నడుస్తున్న పీసు రేటుకు పైసా తగ్గకూడదు. లోపల చెరగని సిరాతో "నకలు, కోయంబత్తూరు" అని సంవత్సరంతో సహా ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర లేకపోతే రేపు ఎవడో దాన్ని టీ నీళ్లలో ముంచి, రాయికి రుద్ది, అసలుదని చెప్పి పదింతలకు అమ్ముతాడు. మోసం వాడిది, చెడ్డపేరు మనది.

ఒప్పుకుంటే తమ్ముడు సంతోషంగా కుట్టనీ, మొదటి జత నేనే మడత పెట్టి ప్యాక్ చేస్తాను. ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు పోనీ. మన తాతలు బతకడానికి ఇంత దూరం వచ్చినారు. చేతిపనికి ధర వాళ్లే చెప్పినారు, అందుకే నిలబడినారు. వచ్చే ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు సమావేశం. కుట్టే ఆడవాళ్లను కూడా పిలవండి. వాళ్ల కూలి గురించి వాళ్లు లేకుండా ఇంకోసారి మాట్లాడితే నేను లేచి వెళ్లిపోతాను.